పోలికలు ముందే దొరికాయి, రుజువే ఆలస్యమైంది

ఖండాల కదలికపై నూటయాభై ఏళ్ల వాదన: తూర్పు తీరం నుంచి ఒక సమీక్ష

విశాఖపట్నం ద్వారకా నగర్ రెండు కొండవరుసల నడుమ పల్లంలో ఉంది. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి వరుస. దక్షిణాన యారాడ కొండ, దాని కొసన ఓడలకు గురుతుగా నిలిచిన డాల్ఫిన్స్ నోస్. ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖొండలైట్. గార్నెట్ గింజలతో ఎర్రబారి ఉంటుంది, ఎండకూ వానకూ మెత్తబడి పొడిగా రాలుతుంది. కోణార్క ఆలయం కట్టింది కూడా ఈ జాతి రాతితోనే. దీని చుట్టాలు ఎక్కడున్నాయని భూగర్భ శాస్త్రజ్ఞులను అడిగితే శ్రీకాకుళం, ఒడిశా అని ఊరుకోరు, సముద్రం దాటి అంటార్కిటికా పేరు కూడా చెబుతారు. ఒకప్పుడు మన తూర్పు కనుమలూ ఆ మంచు ఖండపు అంచూ ఒకే పర్వతశ్రేణి అంటారు.

ఇంత మాట ఏ ధైర్యంతో అంటున్నారన్నదే ఈ వ్యాసం విషయం. బడిలో చెప్పే కథ చిన్నది: ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1912లో ఖండాలు కదులుతాయన్నాడు, లోకం నవ్వింది, ఆయన పోయాక తప్పు తెలుసుకుంది. ఇందులో అబద్ధం లేదు గానీ అసలు చిక్కు మాత్రం ఈ కథలో కనబడదు. వెగెనర్ పుట్టింది 1880లో. అప్పటికే మన గోదావరి లోయలోనూ ఒడిశాలోనూ ఖండాల చుట్టరికాన్ని చూపే ఆధారాలు కుప్పలుగా దొరికాయి. అయినా నిర్ణయం 1960ల దాకా తేలలేదు. పోలిక అనేది ప్రశ్నను మాత్రమే పుట్టిస్తుంది, జవాబు చెప్పడానికి కొలత కావాలి. ఆ కొలత ఎలా వచ్చిందో, ఎక్కడ ఇంకా రాలేదో ఒక్కొక్కటిగా చూద్దాం.

మంచు గీతలు, బొగ్గు ఆకులు

1856లో తాల్చేరు దగ్గర బ్లాన్‌ఫర్డ్ సోదరులూ థియోబాల్డూ ఒక వింత పొరను గమనించారు. సన్నని బురద గట్టిపడిన రాతిలో పెద్ద పెద్ద గుండ్లు ఇరుక్కుని ఉన్నాయి. ఏరు మోసుకొస్తే గుండ్లు ఒకచోట, బురద ఒకచోట వేరుపడతాయి. రెండింటినీ కలిపి మోసి ఒకేచోట వదిలేది మంచు. కానీ ఎండలు మండే ఒడిశాలో మంచేమిటని చాలామంది ఒప్పుకోలేదు. 1870లలో ఫెడెన్ మరో ఆధారం చూపించాడు. ఆదిలాబాద్ పొలిమేరలో పారే పెన్‌గంగ ఏటిగర్భంలో, చంద్రపూర్ దగ్గరి ఇరాయి వద్ద, సున్నపురాతి నేల మీద సమాంతరంగా గీతలున్నాయి. హిమానీనదం అడుగున ఇరుక్కున్న రాళ్లు నేలను గీరుకుంటూ పోతే పడే గీతలవి.

ఆ మంచు పొరల మీద బొగ్గు ఉంది. 1870ల తొలినాళ్లలో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో గుర్తించిన బొగ్గు, 1889 నుంచి సింగరేణి పేరుతో తవ్వుతున్న బొగ్గు, ఆ కాలానిదే. ఈ గనుల రాళ్లలో నాలుక ఆకారంలో, వల అల్లినట్టున్న ఈనెలతో ఒక ఆకు ముద్ర తరచూ కనిపిస్తుంది. పేరు గ్లోసోప్టెరిస్. 1828లోనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్రోన్యార్ పెట్టిన పేరు. ఇదే ఆకు దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో దొరికింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ ప్రాణాలు వదిలిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా లాగిన బండిలో 16 కిలోల రాళ్లున్నాయి. వాటిలోనూ గ్లోసోప్టెరిస్ ఉందని 1914లో ఆల్బర్ట్ సీవర్డ్ తేల్చాడు.

విశాఖ వాసులకు ఈ చుట్టరికం రోజూ కళ్లముందే ఉంటుంది. పరవాడలోని సింహాద్రి విద్యుత్ కేంద్రంలో మండేది తాల్చేరు బొగ్గు. ఉక్కు కర్మాగారం కోక్ బట్టీల కోసం ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో కోకింగ్ బొగ్గు దిగుతుంది. క్వీన్స్‌లాండ్ బోవెన్ క్షేత్రంలోని బొగ్గూ తాల్చేరు బొగ్గూ పెర్మియన్ యుగానివే, గ్లోసోప్టెరిస్ అడవుల నుంచి వచ్చినవే. ఇప్పుడు ఓడలో సముద్రాలు దాటి రావలసిన ఆ సరుకు, పుట్టినప్పుడు మన బొగ్గుతో ఒకే మహాఖండం మీద ఉంది.

ఎముకలు కూడా అదే సాక్ష్యం చెప్పాయి. ప్రాణహిత గోదావరి లోయలోని మలేరి శిలల్లో దొరికిన రింకోసార్ అనే కొక్కెపు మూతి సరీసృపానికి దగ్గరి బంధువులు బ్రెజిల్, టాంజానియాల్లో ఉన్నాయి. 1961 ప్రాంతంలో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం పోచంపల్లి దగ్గర కోటా శిలల్లో ఒక భారీ డైనోసార్ ఎముకలను తవ్వి తీసింది. రవీంద్రుడి శతజయంతి గుర్తుగా దానికి బారపాసారస్ టాగోరై అని పేరు వచ్చింది. అదే కోటా శిలల నుంచి భారత భూగర్భ సర్వేకు చెందిన యాదగిరి 1988లో వర్ణించిన కోటాసారస్ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ఇక బెంగాల్ పాంచెట్ శిలల్లో, దక్షిణాఫ్రికాలో దొరికే లిస్ట్రోసారస్ 1969లో అంటార్కిటికాలోనూ దొరికింది. పంది సైజు నేల జంతువది. మహాసముద్రం ఈదే శరీరం కాదు.

మునిగిందా, జరిగిందా

ఇన్ని పోలికలుండీ 1880లలోనే ఖండాలు కదిలాయని ఎందుకు అనలేదు? వాళ్లకు మరో వివరణ ఉంది, అది అప్పటికి మరీ కాదనదగ్గదేమీ కాదు. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ జ్యూస్ 1885లో, భారత భూగర్భ సర్వే వాళ్లు మధ్య భారత శిలలకు పెట్టిన గోండ్వానా పేరునే తీసుకుని, దక్షిణ భూభాగాలన్నీ కలిసిన ఒక మహాభూమిని ప్రతిపాదించాడు. అయితే ఆయన గోండ్వానా విడిపోలేదు, దాని నడిమి భాగాలు సముద్రంలో కుంగిపోయాయి. భూమి చల్లారుతూ ముడుచుకుపోతోందని ఆనాటి నమ్మకం. ముడతలు పడ్డచోట కొండలు, కుంగిన చోట సముద్రాలు. ఆకులూ బల్లులూ ఆ మునిగిన నేల మీదుగా నడిచి వెళ్లాయని అంటే సరిపోయేది. ముఖాలు కలిసినంత మాత్రాన ఇద్దరూ ఒకే ఇంట్లో పుట్టారని తేలదు కదా.

ఈ వివరణకు గండి కొట్టిన ఆధారం కూడా మన దేశంలోనే పుట్టింది. జార్జ్ ఎవరెస్ట్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో ఉత్తర భారతంలోని కలియానా, మధ్య భారతంలోని కలియాన్‌పూర్ మధ్య దూరం రెండు పద్ధతుల్లో లెక్కిస్తే 5 సెకన్ల కోణం తేడా వచ్చింది. హిమాలయాల బరువు సీసపు గుండును పక్కకు లాగి ఉంటుందని కలకత్తా ఆర్చ్‌డీకన్ జాన్ ప్రాట్ 1855లో లెక్క కట్టాడు. లెక్క ప్రకారం గుండు దాదాపు 16 సెకన్లు వంగాలి, వంగింది మూడో వంతు కూడా లేదు. అంటే ఆ పర్వతాల కింద ఉన్న పదార్థం తేలికైనది. అదే ఏడాది జార్జ్ ఎయిరీ దీనికి వివరణ ఇచ్చాడు: బరువైన అడుగు పదార్థం మీద తేలికైన పైపొర తేలుతోంది, కొండ ఎంత ఎత్తో దాని వేరు అంత లోతు. తేలే వస్తువు ఊరికే మునగదు. ఖండమంత తేలికైన నేల సముద్రం అడుగుకు దిగిపోవడం కుదరదు.

వెగెనర్ పట్టుకున్నది ఈ తీగనే. 1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్ సభలో, తరువాత 1915లో అచ్చయిన పుస్తకంలో ఆయన తర్కం సూటిగా ఉంది: నేలలు కలిసి ఉండక తప్పదు, మధ్యనున్న నేల మునగనూ లేదు, కాబట్టి నేలలే జరిగి ఉండాలి. తీరాల ఆకారం కలవడం ఆయన వాదనలో ఒక చిన్న ముక్క మాత్రమే.

అయితే ఆయన తడబడింది కొలతల దగ్గరే. ఖండాలను జరిపే బలంగా భూభ్రమణం వల్ల భూమధ్యరేఖ వైపు కలిగే ఒత్తిడినీ, ఆటుపోట్ల ఈడ్పునూ చూపించాడు. ఆ బలాలు ఏ మూలకూ చాలవని బ్రిటిష్ గణితవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ లెక్కలు కట్టి చూపాడు. గ్రీన్‌లాండ్ రేఖాంశాన్ని వేర్వేరు కాలాల్లో కొలిచిన అంకెలను పోల్చి, అది ఏటా మీటర్ల కొద్దీ పడమరకు జరుగుతోందని వెగెనర్ నమ్మాడు. సెంటీమీటర్లలో ఉండాల్సిన కదలిక మీటర్లలో వచ్చిందంటే ఆయనకు దొరికింది కదలిక కాదు, పాత పరికరాల లోపం. 1930లో ఆ గ్రీన్‌లాండ్ మంచులోనే ఆయన చనిపోయాడు. అప్పటికి సిద్ధాంతానికి ఉన్నవి బలమైన పోలికలు, బలహీనమైన కొలతలు. ఆ స్థితిలో అనుమానించిన వాళ్లను మొండివాళ్లని తీసిపారేయలేం.

ఇద్దరు ముగ్గురు మాత్రం దారి తెరిచి ఉంచారు. భూగర్భంలోని రేడియోధార్మిక వేడికి లోపలి పదార్థం అతి నెమ్మదిగా సుడులు తిరుగుతుందనీ, దాని మీదే ఖండాలు సాగుతాయనీ ఆర్థర్ హోమ్స్ 1920ల చివర ప్రతిపాదించాడు. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త అలెగ్జాండర్ డు తోయ్ 1937లో గోండ్వానా ముక్కల రాళ్లను పొర పొరగా సరిపోల్చాడు. మన దేశంలో బీర్బల్ సహానీ 1936లో శిలాజ వృక్షాల వైపు నుంచి వెగెనర్ సిద్ధాంతాన్ని పరిశీలిస్తూ రాశాడు.

రాజమండ్రి రాతిలో దిక్సూచి

కొలతకు తొలి దారి రాతి అయస్కాంతత్వం చూపింది. లావా చల్లారేటప్పుడు దానిలోని ఇనుప ఖనిజాలు అప్పటి భూఅయస్కాంత క్షేత్రం దిశలో స్థిరపడి అలాగే ఉండిపోతాయి. భూమధ్యరేఖ దగ్గర ఆ దిశ నేలకు సమాంతరంగా ఉంటుంది, ధ్రువం దగ్గర నిట్టనిలువుగా ఉంటుంది. మధ్యలో అక్షాంశాన్ని బట్టి వాలు మారుతుంది. 30 డిగ్రీల అక్షాంశంలో చల్లారిన లావాలో వాలు 49 డిగ్రీలు. కాబట్టి వాలు కొలిస్తే ఆ రాయి ఏ అక్షాంశంలో పుట్టిందో తెలుస్తుంది. అంతకుముందు ఆకు ముద్రలను చూసి ఊహించినదాన్ని ఇప్పుడు డిగ్రీల్లో చెప్పవచ్చు.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో ప్యాట్రిక్ బ్లాకెట్ ప్రోద్బలంతో పనిచేసిన జాన్ క్లెగ్ బృందం 1956లో దక్కన్ లావా రాళ్ల ఫలితాలు ప్రకటించింది. ఆ లావా పొంగిన నాటికి భారతదేశం భూమధ్యరేఖకు బాగా దక్షిణాన ఉందని, అక్కడి నుంచి వేల కిలోమీటర్లు ఉత్తరానికి వచ్చిందని ఆ వాలు చెప్పింది. 1958లో అదే క్లెగ్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన రాధాకృష్ణమూర్తి, సహస్రబుద్ధే కలిసి నేచర్ పత్రికలో మరో వ్యాసం వేశారు. దాని విషయం రాజ్‌మహల్ ట్రాప్స్, అంటే దేశపు ఈశాన్య భాగంలోని లావా రాయి. పడమటి దక్కన్‌కు చాలా దూరంలో ఉన్న రాయి కూడా ఈ పరీక్షకు నిలబడింది.

రాజమండ్రి ట్రాప్స్‌లో, అంటే గోదావరికి రెండు ఒడ్డులా కాతేరు, పంగిడి వైపు క్వారీల్లో మనం కంకర కోసం కొట్టే నల్లరాతిలో, ఇంకో విశేషం ఉంది. కింది ప్రవాహంలో అయస్కాంత దిశ ఇప్పటికి తలకిందులుగా ఉంటుంది, పైదానిలో ఇప్పటిలాగే ఉంటుంది. భూమి ఉత్తర దక్షిణ అయస్కాంత ధ్రువాలు అప్పుడప్పుడు తారుమారవుతాయనడానికి అదొక సాక్ష్యం. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఈ లావా పడమటి కనుమల వైపు నుంచి సుమారు 1,000 కిలోమీటర్లు పాకి వచ్చిందని, భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి కావచ్చునని స్టీఫెన్ సెల్ఫ్ బృందం 2008లో వాదించింది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. వాలు అక్షాంశం చెబుతుందే గానీ రేఖాంశం చెప్పదు. పైగా కదిలింది ఖండం కాదు, అయస్కాంత ధ్రువమే కావచ్చునని కొందరు అడ్డు చెప్పారు. వేర్వేరు ఖండాల రాళ్లు ఒకే కాలానికి వేర్వేరు ధ్రువ స్థానాలు చూపిస్తున్నాయని ఎడ్వర్డ్ అర్వింగ్, కీత్ రంకార్న్ వంటివారు తేల్చాక ఆ అభ్యంతరం బలహీనపడింది. రేఖాంశపు లోటు మాత్రం నేల మీద తీరేది కాదు.

సముద్రం అడుగున లెక్క

రెండో ప్రపంచయుద్ధం తరువాత సముద్రపు అడుగును ధ్వని తరంగాలతో కొలవడం మొదలైంది. అట్లాంటిక్ నడుమ పొడుగునా సాగే పర్వతశ్రేణి మధ్యలో లోతైన పగులు ఉందని 1950ల తొలినాళ్లలో మేరీ థార్ప్ గీసిన పటాలు చూపాయి. అక్కడ కొత్త అడుగు పుట్టి ఇరుపక్కలకూ జరుగుతోందని హ్యారీ హెస్ 1962లో రాశాడు. హెస్ తానే దాన్ని సగం కవిత్వం అన్నట్టుగా ముందుంచాడు, ఎందుకంటే దానికి ఇంకా కొలత లేదు.

ఆ కొలత హిందూ మహాసముద్రం నుంచే వచ్చింది. 1962లో బ్రిటిష్ నౌక ఓవెన్, అరేబియా సముద్రం దిగువన కార్ల్స్‌బర్గ్ శిఖరశ్రేణి మీద అయస్కాంత సర్వే చేసింది. డ్రమండ్ మాథ్యూస్ తెచ్చిన ఆ అంకెలతో ఫ్రెడ్ వైన్ కూర్చుని చూస్తే ఒక క్రమం దొరికింది. ధ్రువాలు తారుమారైనప్పుడల్లా కొత్తగా పుట్టిన అడుగు ఆ దిశను పట్టి ఉంచుకుంటే, శ్రేణికి ఇరువైపులా ఎదురు దిశల పట్టీలు జంటగా ఏర్పడాలి. 1963 సెప్టెంబరులో వాళ్లిద్దరి వ్యాసం వెలువడింది. కెనడాలో లారెన్స్ మోర్లీ విడిగా ఇదే ఆలోచన రాశాడు గానీ పత్రికలు తిప్పికొట్టాయి. లావాల వయసు లెక్కలతో ధ్రువాలు తారుమారైన తేదీలు తెలిసేకొద్దీ ఆ పట్టీల వెడల్పు నుంచి ఏటా ఎన్ని సెంటీమీటర్లు అన్నది నేరుగా వచ్చింది. 1965లో టూజో విల్సన్, 1967–68లో మెకెంజీ, పార్కర్, మోర్గన్, ల పిషాన్ దీన్ని, భూమి పైపొర కదిలే ఫలకాల కూర్పన్న ఫలకాల సిద్ధాంతంగా నిలబెట్టారు. 1971లో మెకెంజీ, స్క్లేటర్ హిందూ మహాసముద్రం పట్టీలను చదివి భారతదేశం ఎప్పుడు ఎక్కడుందో కాలక్రమంగా పటాలు వేశారు. కొత్త అడుగు ఒకవైపు పుడుతుంటే పాత అడుగు మరోవైపు సుమత్రా వంటి చోట్ల లోపలికి దిగిపోతుంది. 2004 డిసెంబరు 26న మన తీరాన్ని తాకిన సునామీ ఆ దిగుడు దగ్గర పుట్టిందే.

విశాఖ ఈ కాలంలో ఊరికే చూస్తూ కూర్చోలేదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్, భూగర్భ శాస్త్ర శాఖను నడిపిన కలమూర్ మహదేవన్ కలిసి బంగాళాఖాతం మీద పరిశోధనకు ఇక్కడ పునాది వేశారు. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనా యాత్ర నాటి కొలతలతో లఫాండ్ మన తీరపు వాలులోని సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టి 1964లో ప్రకటించాడు. ఖండం అంచు ఎక్కడ తెగిందో తెలియాలంటే ఆ వాలు రూపం తెలియాలి.

కానీ అరేబియా సముద్రం వైపు అంత సులువుగా చదివిన లెక్క బంగాళాఖాతంలో మొండికేసింది. దానికి రెండు కారణాలు. గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిపోసిన మేట ఉత్తరాన 16 కిలోమీటర్లకు పైగా మందం, కింది పట్టీల గుర్తులు పైకి మసకగా వస్తాయి. రెండోది, సుమారు 12.1 కోట్ల ఏళ్ల నుంచి 8.3 కోట్ల ఏళ్ల మధ్య ధ్రువాలు దాదాపు తారుమారే కాలేదు, అప్పుడు పుట్టిన అడుగులో చదవడానికి పట్టీలే లేవు. 1994లో జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన రమణ బృందం అంతకన్నా పాత పట్టీలను ఇక్కడ గుర్తించామంది. కొందరు అంగీకరించారు, కొందరు ఆ గుర్తులు మరో రకంగా చదవొచ్చన్నారు. అవతలి వైపు, అంటార్కిటికా ఎండర్బీ బేసిన్‌లో 13 కోట్ల నుంచి 12 కోట్ల ఏళ్ల నాటి పట్టీలున్నాయని 2007లో కార్మెన్ గైనా బృందం చూపింది. విడిపోవడం సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మొదలైందన్న మాటకు ప్రధాన ఆధారాల్లో అదొకటి.

నేల మీద ఇందుకు తోడు సాక్ష్యం ఉంది. ద్వారకా తిరుమల పరిసరాల్లోని గొల్లపల్లి, రాఘవాపురం శిలల్లో గోండ్వానా చెట్ల ముద్రలతో పాటు సముద్ర జీవుల గుల్లలూ దొరుకుతాయి. అప్పటిదాకా నేలగా ఉన్న చోటికి తొలిసారి ఉప్పునీరు చొరబడిన కాలమది. విడిపోయే ముందు సాగదీతకు తీరం వెంట పడ్డ పల్లాలే ఈనాటి కృష్ణా గోదావరి బేసిన్, ఓఎన్‌జీసీ చమురు వాయువులు తీస్తున్న చోటు.

తూర్పు కనుమల జోడీ

ఇప్పుడు మళ్లీ పోలికల దగ్గరికి రావాలి. ఫలకాల సిద్ధాంతం నిలబడ్డాక పోలికల విలువ తగ్గలేదు, పని మారింది. కదిలాయా అని అడగడం ముగిసి, ఏ ముక్క ఎక్కడ అతుకుతుందన్నది ప్రశ్న అయింది.

ఖొండలైట్‌కు ఆ పేరు 1902లో వాకర్ పెట్టాడు. సముద్రపు అడుగున పేరుకున్న బంకమట్టి, భూగర్భంలోకి దిగి వేడికి మారితే వచ్చిన రాయి ఇది: గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అక్కడక్కడ గ్రాఫైట్. దాని పక్కనే ఉండే ముదురు రంగు చార్నొకైట్ పొడి వేడిలో గట్టిపడ్డ రాయి. పాడేరు, అరకు, అనకాపల్లి ప్రాంతాల్లో సఫైరిన్ అనే అరుదైన ఖనిజమున్న రాళ్లు దొరుకుతాయి. అవి 25 కిలోమీటర్లకు పైగా లోతున, 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉడికినవి. ఖండపు పైపొరలో అంత వేడి ఎక్కడపడితే అక్కడ ఉండదు.

ఈ రాళ్లలోని జిర్కాన్, మోనజైట్ గింజల్లో యురేనియం, సీసం నిష్పత్తి కొలిస్తే వయసు తెలుస్తుంది. విశాఖ, అరకు భాగపు రాళ్ల ప్రధాన రూపాంతరం 100 నుంచి 90 కోట్ల ఏళ్ల నాటిది. అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతపు రాళ్లదీ అదే వయసు, అదే తరహా. దక్షిణాన ఒంగోలు వైపు రాళ్లు మాత్రం 160 కోట్ల ఏళ్లకు పైబడినవి. అంటే తూర్పు కనుమలన్నీ ఒకే ముక్క కాదు, వేర్వేరు చరిత్రలున్న ముక్కల కూర్పు. 2003లో డోబ్‌మయర్, రైత్ ఈ విభజనను పద్ధతిగా పేర్చారు.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచే సాక్ష్యం నడి సముద్రంలో దొరికింది. విశాఖకు 8,000 కిలోమీటర్లకు పైగా దక్షిణాన, కెర్గులెన్ పీఠభూమి పక్కన ఎలాన్ బ్యాంక్ అనే మునిగిన గట్టు ఉంది. 1998–99లో అంతర్జాతీయ సముద్ర తవ్వక కార్యక్రమం అక్కడ రంధ్రం చేస్తే లావాల నడుమ గార్నెట్, బయొటైట్ ఉన్న నైస్ రాతి గులకలు వచ్చాయి. లావా దీవిలో ఆ రాయి పుట్టదు. వాటి వయసులూ రసాయనమూ చూసిన నికొలేసన్ బృందం, భారత తూర్పు తీరపు పైపొరకు ఇవి చుట్టాలని 2001లో రాసింది. విడిపోయే గొడవలో మన అంచు నుంచి ఒక చెక్క అక్కడే ఉండిపోయిందని ఇప్పుడు చాలామంది లెక్క. జ్యూస్ ఊహించినట్టు ఇక్కడ ఒక నేలముక్క నిజంగానే మునిగింది, కాకపోతే ఖండాలను కలిపే వంతెనంత నేల కాదు, సాగి పలచబడిన ఒక చిన్న చెక్క.

ఇంతవరకు వచ్చాక కూడా ఒక పెద్ద తగాదా మిగిలే ఉంది. భారత్, తూర్పు అంటార్కిటికా 90 కోట్ల ఏళ్ల కిందట అతుక్కుని విడిపోయేదాకా కలిసే ఉన్నాయా? పాత అభిప్రాయం అదే. 2000లో ఇయాన్ ఫిట్జ్‌సైమన్స్ దీన్ని ప్రశ్నించాడు. అంటార్కిటికాలోని ప్రిడ్జ్ తీరం వెంట 55 నుంచి 50 కోట్ల ఏళ్ల నాటి మరో రూపాంతరపు పట్టీ ఉంది. అది ఖండాలు ఢీకొన్న మచ్చ అయితే తూర్పు గోండ్వానా ఒకే దిమ్మ కాదు, ఆలస్యంగా కుట్టిన ముక్కలు. మచ్చ కాదు, పాత అతుకు మళ్లీ వేడెక్కిందంతే అనే వాళ్లూ ఉన్నారు. భారత్ 2012లో ప్రారంభించిన భారతి కేంద్రం ఉన్న లార్స్‌మన్ కొండలు సరిగ్గా ఈ తగాదా పట్టీలోనే ఉన్నాయి. అక్కడి రాళ్లలో 100 కోట్ల ఏళ్ల నాటి గుర్తూ ఉంది, 53 కోట్ల ఏళ్ల నాటి గుర్తూ ఉంది.

అంత పరుగు దేనికి

విడిపోయిన ముక్కలన్నిటిలో భారత్ పరుగు వేరు. సుమారు 6.5 కోట్ల ఏళ్ల కిందట అది ఏటా 18 సెంటీమీటర్లకు అటూ ఇటూ వేగం అందుకుంది. తోడబుట్టిన ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలు అందులో చిన్న భాగమే నడిచాయి. 2007లో హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి చెందిన ప్రకాశ్ కుమార్, రవికుమార్, చద్దా జర్మన్ సహచరులతో కలిసి నేచర్‌లో ఒక కారణం చెప్పారు. భూకంప తరంగాలతో కొలిస్తే భారత ఫలకం మందం సుమారు 100 కిలోమీటర్లే, మిగతా గోండ్వానా ముక్కలు 180 నుంచి 300 కిలోమీటర్లు. లోతైన వేరు లేని ముక్క తేలిగ్గా జారిందని వాళ్ల వాదన.

ఇది చక్కని వాదన గానీ చివరి మాట కాదు. ఇతర పద్ధతుల్లో కొలిచినవారికి మన ఫలకం మరింత మందంగా కనబడింది. రీయూనియన్ దగ్గర అడుగు నుంచి పొంగిన వేడి స్తంభం భారత్‌ను ముందుకు తోసిందని 2011లో కాండే, స్టెగ్‌మన్ వాదించారు. ముందున్న సముద్రపు అడుగు ఒకేసారి రెండు చోట్ల లోపలికి దిగుతూ ఫలకాన్ని రెట్టింపు బలంతో లాగిందని 2015లో జగూట్జ్ బృందం చెప్పింది. మందం, తోపు, లాగుడు మూడూ కొంత కొంత నిజం కావచ్చు. ఎవరి వాటా ఎంతో విడదీసే కొలత ఇంకా లేదు.

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొన్నాక వేగం పడిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో శాశ్వత జీపీఎస్ కేంద్రం ఉపగ్రహాలతో తన చోటును ఎడతెగకుండా లెక్కిస్తుంది. ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి. అందులో దాదాపు 2 సెంటీమీటర్ల కదలిక హిమాలయాల్లో నొక్కుకుపోతోంది, అక్కడి భూకంపాలకు మూలం అదే. మన నేల కూడా పూర్తిగా నిద్రపోలేదు. బొగ్గును దాచిన పాత గోదావరి పగులు వెంట 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతం కంపించింది.

తేలినవి, తేలనివి

ఖండాలు కదులుతాయన్నది ఇప్పుడు అభిప్రాయం కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు కొలతలు, అంటే రాతి అయస్కాంతత్వం, సముద్రపు పట్టీలు, ఉపగ్రహ స్థానాలు, ఒకే దిక్కునూ పొందికైన వేగాలనూ చెబుతున్నాయి. భారత తూర్పు తీరం ఎండర్బీ తీరానికి ఎదురుగా ఉండేదన్నదీ, విడిపోవడం సుమారు 13 కోట్ల ఏళ్ల కిందటిదన్నదీ గట్టిగా నిలబడే మాటలు. అతుకు గీత సరిగ్గా ఎక్కడ, అతుకు పడింది ఎప్పుడు, పరుగు దేనివల్ల అన్నవి తెరిచి ఉన్న ప్రశ్నలు. గమనిస్తే, తేలిన చోటల్లా కొలత ఉంది. తేలని చోటల్లా మనం ఇప్పటికీ ఎక్కువగా పోలిక మీదే నడుస్తున్నాం.

అందుకే మన వైపు పని ఎక్కువే మిగిలింది. బంగాళాఖాతం మేట కింది అడుగు దాకా తవ్విన నమూనాలు కావాలి. తూర్పు కనుమల రాళ్లనూ భారతి కేంద్రం చుట్టుపక్కల రాళ్లనూ ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో వయసు కట్టించాలి. వేరువేరు చోట్ల వేరువేరు పద్ధతుల్లో తీసిన వయసులను పక్కపక్కన పెట్టి వాదించుకుంటే గ్రీన్‌లాండ్ పొరపాటు మళ్లీ జరుగుతుంది.

చదువు విషయంలోనూ ఒక మాట. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షల కోసం వెగెనర్, 1912 అని పిల్లలు బట్టీ పడుతుంటారు. అడగాల్సిన ప్రశ్న అది కాదు. సింగరేణి ఆకు 1870లలోనే దొరికినా సరిపోని రుజువు, 1950ల్లో లావా రాళ్ల అయస్కాంత వాలుతో ఎందుకు బలపడింది, 1963లో ఎందుకు కాదనలేనిదైంది అని అడగాలి. దానికి జవాబు చెప్పగలిగిన విద్యార్థికి ఖండాల కదలికతో పాటు, ఒక మాటను ఎప్పుడు అనుమానించాలో ఎప్పుడు ఒప్పుకోవాలో కూడా తెలిసినట్టే.